పిన్నిని పొమ్మన్నదెవరు

నాకు అనుమానం ఎక్కువ. ఇది నా మీద నేను వేసుకుంటున్న నింద కాదు, మా ఇంట్లో అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న సంగతి. గదికి తాళం వేసి మెట్లు దిగాక మళ్ళీ పైకి వచ్చి తాళం లాగి చూస్తాను. పాలు కొంటే వాసన చూస్తాను. ఎవరైనా కారణం లేకుండా పొగిడితే, వీడికి నాతో ఏం పని పడిందా అని ఆ రోజంతా ఆలోచిస్తాను. తొంభైల్లో ఢిల్లీ బేర్ సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్నప్పుడు ఈ గుణం ఇంకాస్త ముదిరింది. ఆ సందులు ఎంత ఇరుకంటే, కిటికీ తెరిస్తే ఎదుటి గదిలోవాడు ఏ పుస్తకం చదువుతున్నాడో కనిపించేది. మనం చూస్తున్నామని తెలియగానే వాడు పుస్తకం మూసేసేవాడు. అందరం స్నేహితులమే, అందరం ఒకే ఉద్యోగానికి పోటీ. అలాంటి చోట అనుమానం లేకుండా బతకడమే ఆశ్చర్యం.

అక్కడ నేను పూర్తిగా నమ్మిన మనిషి ఒక్కతే, మా మెస్‌లో వంట చేసే పిన్ని. ఆవిడకి నాకంటే ఎక్కువ అనుమానం ఉండటం వల్ల ఆ నమ్మకం కుదిరింది. నూనె డబ్బా ఉన్న అలమరకి తాళం వేసి, ఆ తాళంచెవి మెడలో పసుపుతాడుకి బదులు నల్లదారంతో కట్టుకునేది. కూరగాయల బండివాడు తూకం వేస్తుంటే చెయ్యి వేసి త్రాసు ఆపి, "భయ్యా, రుకో" అని పళ్ళెం కింద వేలు పెట్టి తడిమి చూసేది. మాలో ఎవరైనా రెండోసారి పెరుగు వేసుకుంటే, వంటగదిలో అటు తిరిగి ఉండి కూడా కనిపెట్టేది.

ఆవిడది శ్రీకాకుళం వైపు. ఇళ్ళు కట్టే పనికి భర్తతో కలిసి ఢిల్లీ వచ్చింది. ఆయన జబ్బు చేసి పోయాక తిరిగి వెళ్ళలేదు. మేం తెలుగువాళ్ళమంతా కలిసి ఒక ఇంటి కింది భాగంలో రెండు గదులు అద్దెకి తీసుకుని నడుపుకునే మెస్ అది. ఒక గదిలో చాపలు పరుచుకుని తినేవాళ్ళం, రెండో గది వంటకి. ఆ వంటగదిలోనే ఒక మూల పాత చీర అడ్డం కట్టుకుని, ఒక రేకు పెట్టె పెట్టుకుని ఆవిడ ఉండేది. అంటే ఆ మెస్ ఆవిడకి జీతం మాత్రమే కాదు, ఇల్లు కూడా. ఢిల్లీలో ఆవిడకి తలదాచుకోవడానికి అంతకుమించి ఏమీ లేదని మాకందరికీ తెలుసు.

వంట గొప్పగా ఉండేదని చెప్పను. ఎండాకాలం వచ్చిందంటే సొరకాయ తప్ప ఇంకో కూర ఉందని ఆవిడ ఒప్పుకునేది కాదు. ఉప్పు చెయ్యి ఎక్కువ. చెబితే, "మీ నోరు బాగోలేదు బాబూ, నీల్లు తాగండి" అనేది. కానీ నాకు కామెర్లు వచ్చి గదిలో పడిపోయినప్పుడు, చిన్న గిన్నెలో వేరే పప్పు, అందులో చారెడు అన్నం మెత్తగా వండి, మెట్లెక్కి తెచ్చి, నేను తినేదాకా గుమ్మంలో కూర్చునేది. తిన్నానని చెబితే నమ్మేది కాదు. గిన్నె చూసేది. మాలో ప్రతివాడికీ ఆవిడ చేతి నుంచి ఇలాంటిదేదో ఒకటి అందింది.

ఆ మెస్‌కి ఒక ఆచారం ఉండేది. ఏటా ప్రిలిమ్స్ అయ్యాక, పాతవాళ్ళలో కొందరు వెళ్ళిపోయి కొత్తవాళ్ళు చేరే సమయంలో, మెస్ ఇలాగే నడవాలా వద్దా అని ఓటింగ్ పెట్టేవాళ్ళు. రేపు కలెక్టర్లయ్యేవాళ్ళం, ఇక్కడైనా ప్రజాస్వామ్యం పాటించాలని మాకు ముందు ఉన్న సీనియర్లెవరో మొదలుపెట్టారట. చీటీ మీద 'ఉండాలి' అనో 'మారాలి' అనో రాసి మడిచి ప్రెషర్ కుక్కర్‌లో వేయాలి. పేర్లు రాయకూడదు. ఆ కాసేపు పిన్ని బయట మెట్టు మీద కూర్చునేది. ఫలితం ఏమిటో ముందే తెలుసు కాబట్టి, పొద్దున్నే మినప్పప్పు రుబ్బి పెట్టుకుని, లెక్కింపు అవగానే మూకుడు పెట్టి గారెలు వండేది. వాటిని మేం ఎన్నికల గారెలనేవాళ్ళం. నిజం చెప్పాలంటే సగంమంది ఆ గారెల కోసమే ఓటుకి వచ్చేవాళ్ళు.

నేను చెబుతున్న సంవత్సరం లోక్‌సభ ఎన్నికలు కూడా ఎండల్లోనే వచ్చాయి. మెస్‌లో రోజూ అదే చర్చ. నా రూమ్మేట్‌ది కరీంనగర్. రీజనింగ్‌లో వాడిని కొట్టేవాడు ఆ సందుల్లో లేడు. ఒక వాక్యం ఇస్తే దాని వెనక దాగున్న ఊహలేమిటో, దాన్నుంచి ఏ నిర్ణయానికి రావచ్చో, ఏది రాకూడదో టీ చల్లారేలోగా చెప్పేవాడు. కోచింగ్‌లో 'ఆలోచనాశక్తి, ఓటు' అనే అంశం మీద వ్యాసం రాయమంటే వాడిదే అందరికంటే బాగుందని చదివి వినిపించారు. అప్పటి నుంచి అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ వ్యాసాన్ని మాకు కూరతో పాటు వడ్డించేవాడు.

"సోంచాయించకుంట ఓటేస్తరు కాబట్టే దేశం గిట్లున్నది. చీర ఇస్తే ఓటు, సీసా ఇస్తే ఓటు. కొంచెం దిమాగ్ పెట్టి ఆలోచించెటోడు అట్ల మోసపోడు" అనేవాడు.

గుంటూరు నుంచి వచ్చిన మా సీనియర్ తల ఊపేవాడు. అప్పటికే చాలాసార్లు పరీక్ష రాసి ఉన్నాడు గనక ఆయన తల ఊపితే తీర్పు వచ్చినట్టే. "మా ఊళ్ళో అయితే ముందు రోజు రాత్రి ఎవడొచ్చి అడిగితే వాడికే వేస్తార్రా. బుర్ర వాడే పని లేదు" అనేవాడు.

నాకు మాత్రం ఆ మాటలు విన్నప్పుడల్లా ఎక్కడో గుచ్చుకునేది. ఇంత తెలివిగలవాళ్ళు తమ గురించి ఇంత నిశ్చింతగా మాట్లాడుతున్నారంటే ఏదో తేడా ఉందనిపించేది. ఏమిటో చెప్పలేకపోయేవాడిని. కాబట్టి పెరుగన్నం తినేసి లేచిపోయేవాడిని.

అదే రోజుల్లో పక్క సందులో టిఫిన్ డబ్బాలు పంపే ఒకాయన మా మెస్ మీద కన్నేశాడు. బల్లలు, కుర్చీలు వేస్తానన్నాడు. రోజుకో కూర, ఆదివారం పనీర్ అన్నాడు. కాకపోతే వంటగది ఖాళీ చేసి ఇవ్వాలి, అందులో ఆయన మనుషులు ఉంటారు. ఈసారి 'మారాలి' గెలిస్తే మెస్ ఆయన చేతికి పోతుందన్నమాట. ఈ మాట మెస్‌లో అందరికీ చేరింది. పిన్నికీ చేరింది. ఆవిడ ఏమీ అనలేదు కానీ, ఆ వారం సొరకాయ మాని రెండుసార్లు గుత్తి వంకాయ చేసింది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆవిడ భయపడటం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

ఓటింగ్‌కి ముందు నేను ఒక్కొక్కరినీ వేరు వేరుగా అడిగాను. మాలో అనంతపురం అతను ఒకడుండేవాడు, మనసులో మాట దాచుకోలేని మనిషి. "ఏమప్పా, పిన్నిని తీసేస్తే మనకు ముద్ద దిగుతాదా? ఆమె ఉండాల్సిందే" అన్నాడు. సీనియర్ని అడిగితే, "పిచ్చోడా, ఆవిడెక్కడికి పోతుందిరా? అందరూ ఉంచాలనే అంటున్నారు కదా" అన్నాడు. రూమ్మేట్ అయితే అడిగినందుకు నన్నే కోప్పడ్డాడు. అందరూ ఒకే మాట, అదీ ఆలోచించకుండా వెంటనే చెప్పేశారు. అదే నాకు నచ్చలేదు. ఇంతమంది ఒకేలా మాట్లాడితే ఎవడో ఒకడు అబద్ధం చెబుతున్నట్టే అనుకున్నాను. ఎవడి మీదా భరోసా లేక, చీటీ మీద 'ఉండాలి' అని పెన్ను గట్టిగా నొక్కి రాసి కుక్కర్‌లో వేశాను. నా ఒక్క ఓటుతోనే ఆవిడ గట్టెక్కాలేమో అన్నంత భయంగా వేశాను.

సీనియర్ కుక్కర్ మూత తీసి చీటీలు ఒక్కొక్కటే విప్పి చదివాడు. మొదటిది 'మారాలి'. ఎవడో చిలిపిగా రాశాడనుకుని ఒకరిద్దరు నవ్వారు. తర్వాతిది 'మారాలి'. ఆ తర్వాత ఒక 'ఉండాలి' వచ్చింది, అది నాదే అనుకున్నాను. మళ్ళీ వరసగా 'మారాలి'. ఆయన గొంతు తగ్గిపోతూ వచ్చింది. చివరి చీటీలు విప్పి చూసి, పైకి చదవకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. 'ఉండాలి' అన్నవి ఒక చేతి వేళ్ళన్ని కూడా లేవు. అందరూ అందరి ముఖాలూ చూస్తున్నారు. నేను మాత్రం దొంగ ముఖం ఏదా అని వెతుకుతున్నాను.

అప్పుడే బయట మెట్టు మీద నుంచి పిన్ని గొంతు వినిపించింది. "అయిపోనాదా బాబూ? నూనె పెట్టీమంటారా?"

సీనియర్ చేతిలోని చీటీలు కింద పెట్టి లేచి బయటికి వెళ్ళి ఏదో చెప్పాడు. ఆవిడ లోపలికి వచ్చి, మా ముఖాలకేసి చూడకుండా వంటగదిలోకి వెళ్ళింది. ఇక బయటికి రాదనుకున్నాం. స్టౌ వెలిగించిన చప్పుడైంది. గారెలు వండింది. అందరి పళ్ళాల్లోనూ వేసింది. "పిండి రుబ్బీసినాను గదా, పారబోస్తానేటి" అంది. అయిపోయినవాళ్ళకి అడగకుండానే మళ్ళీ వేసింది. రెండోసారి పెరుగు వేసుకుంటే ఊరుకోని మనిషి ఆ రోజు అలా వడ్డించుకుంటూ పోతుంటే, నేను తుంచిన గారె పళ్ళెంలోనే వదిలేశాను.

నెలాఖరుకి వంటగది ఖాళీ చేయాలి. ఈలోపు ఈ పని చేసిందెవరో తేల్చాలని నేను పట్టుబట్టాను. కుట్ర లేకుండా ఇన్ని చీటీలు ఒకేలా పడవని నా నమ్మకం. జిల్లాల వారీగా లెక్కలు వేశాను. కోస్తావాళ్ళకి పిన్ని కాస్త ఎక్కువ పెడుతుందని మిగతావాళ్ళకి కడుపుమంట అని ఒక లెక్క. టిఫిన్ డబ్బాల ఆయన ఎవరికో ఏదో ముట్టజెప్పాడని ఇంకో లెక్క. సీనియర్ ఆయనతో టీ కొట్టు దగ్గర మాట్లాడటం చూశాను కూడా. ఎవరినీ నేరుగా అడిగితే చెప్పరు. అందుకని ఒక ఎత్తు వేశాను. ముందు నేనే తప్పు చేసినట్టు చెప్పి వాళ్ళ నోరు విప్పించాలి.

టీ కొట్టు దగ్గర సీనియర్ని పక్కకి తీసుకెళ్ళి, "అన్నా, మనసులో ఉంచుకో. నేను కూడా మారాలి అనే రాశాను" అన్నాను.

ఆయన ముఖంలో బరువు దిగిపోయింది. "నువ్వూనా? హమ్మయ్య. నేనొక్కడినే పాపం చేశాననుకుంటున్నాన్రా. ఆవిడ్ని పంపేద్దామని కాదు. అందరూ ఉండాలనే రాస్తారు కదా, నాదొక్కటి మారాలి అని పడితే కాస్త భయముంటుంది, ఉప్పు తగ్గిస్తుంది అనుకున్నా."

అనంతపురం అతన్ని బస్‌స్టాప్‌లో పట్టుకున్నాను. అదే మాట విసిరాను. అతను కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశాడు. "ఎవురికీ చెప్పొద్దప్పా. రోజూ సొరకాయేనా అని ఊరికే ఒక మాట తగిలిద్దామని రాసినా. మీరంతా ఉంచుతారని నాకు తెలుసు కదా."

రూమ్మేట్‌తో గదిలోనే అయింది. వాడు నా మాట పూర్తికాకముందే మంచం మీద కూర్చుండిపోయాడు. "నేను సుత మారాలనే రాసిన్రా. అందరు ఉండాలనే అన్నరు. నా ఓటుతోని ఫలితం మారేది లేదు. ఎట్లైన మారదు కాబట్టి దాన్ని ఒక వార్నింగ్ లెక్క వాడుకోవచ్చు. లాజిక్ కరెక్టే కదా?" అన్నాడు. నన్ను నిజంగానే అడుగుతున్నాడు. వాడి లెక్కలో ఎక్కడ తప్పిందో వాడికి తెలియడం లేదు.

మిగతావాళ్ళూ అంతే. ఒకడు పచ్చడి గురించి, ఒకడు కొత్తవాళ్ళ మీద ఆవిడ అరుపుల గురించి, ఒకడు ఫలితం మరీ ఏకగ్రీవంగా ఉంటే బాగోదని. ప్రతివాడూ ఆవిడ ఉండాలనే కోరుకున్నాడు. ప్రతివాడూ ఆ కోరిక నెరవేర్చే పని పక్కవాళ్ళకి అప్పజెప్పి, తన ఓటుని తెలివిగా వాడుకున్నాడు. 'ఉండాలి' అని రాసినవాళ్ళు ఎవరయ్యా అంటే, ఎవడి మాటా నమ్మని నేను, బస్సు పోతుందని ఆలోచించే తీరిక లేక గబగబా రాసేసి పరుగెత్తిన ఒకతను, ఇంకా అలాంటివాళ్ళు ఒకరిద్దరు. నాకు ఒళ్ళు మండిపోయింది. కుట్ర అయితే తిట్టడానికి ఒక మనిషన్నా దొరికేవాడు. వీళ్ళలో ఒక్కడి లెక్కా తప్పు కాదు. ఆ గదిలో ఆలోచించేవాడిని నేనొక్కడినే, మిగతావాళ్ళు మామూలుగా వేసేస్తారు అని ప్రతివాడూ అనుకున్నాడు. వాళ్ళ ఊళ్ళలోని ఓటర్ల గురించి కూడా వాళ్ళు అనుకున్నది అదే కదా అని నాకు అప్పుడు వెలిగింది.

సంగతి బయటపడ్డాక అందరికీ పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. మళ్ళీ ఓటింగ్ పెడదామని రూమ్మేట్ అన్నాడు. పెట్టకుండానే ఉండమని చెబుదామని సీనియర్ అన్నాడు. సాయంత్రం అందరం కలిసి వంటగది గుమ్మంలోకి వెళ్ళాం. అడ్డంగా కట్టిన చీర అప్పటికే విప్పేసి ఉంది. పిన్ని రేకు పెట్టెలో బట్టలు సర్దుకుంటోంది. ఢిల్లీ శివార్లలో, వైశాలి వైపు కొత్తగా ఫ్లాట్లు కడుతున్న చోట ఆవిడ చెల్లెలి కుటుంబం కూలి పని చేస్తూ రేకుల షెడ్డులో ఉంటోంది. అక్కడికి వెళ్తానంది.

సీనియర్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎవరికీ ఆవిడని పంపాలని లేదని, ఎవరికి వారు మిగతావాళ్ళు ఉంచుతారులే అనుకుని అలా రాశారని, ఇది కేవలం పొరపాటని నచ్చజెప్పాడు. రూమ్మేట్ ఆ పొరపాటు ఎలా జరిగిందో ఇంకాస్త వివరంగా చెప్పాడు. ఆవిడ మడత పెడుతున్న చీర ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా వింది.

"అందరూ నన్ను ఉండమన్నోల్లే?" అని అడిగింది.

అందరం అవునన్నాం.

"మరి నన్ను పొమ్మన్నోడెవుడు బాబూ?"

ఆవిడ ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. కామెర్లప్పుడు గుమ్మంలో కూర్చుని గిన్నె అడుగు చూసిన మనిషి. "మీరేటి రాసినారు బాబూ?" అంది.

"ఉండాలి అని రాశాను పిన్నీ" అన్నాను. అంత తేలికగా నేనెప్పుడూ నిజం చెప్పలేదు.

నా పక్కనున్న సీనియర్ ఆశ్చర్యపోయాడు. "అదేంట్రా, మొన్న టీ కొట్టు దగ్గర మారాలనే రాశానన్నావు" అన్నాడు. అనంతపురం అతను కూడా, "నాతోనూ అట్లే చెప్పినావు కదప్పా" అన్నాడు. రూమ్మేట్ నేల చూశాడు. అది మీ నోరు విప్పించడానికి ఆడిన అబద్ధమని నేను గబగబా చెప్పబోయాను. చెబుతుంటే నాకే ఆ మాటలు దొంగ మాటల్లా వినిపించాయి. ఆ చీటీల్లో నాది ఏదో చూపించడానికి పేరు లేదు, చీటీలు కూడా ఎప్పుడో చెత్తలో పడిపోయాయి.

పిన్ని నన్ను కాసేపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. కూరగాయల బండివాడి త్రాసు ఆపినప్పుడు చూసే చూపు.

"అలాగే బాబూ" అంది. ఇంకేమీ అడగలేదు.

మర్నాడు పొద్దున ఆటో వచ్చింది. మిగతావాళ్ళెవరూ గదుల్లోంచి దిగలేదు. నేను వెళ్ళాను. పెట్టె ఎత్తి ఆటోలో పెడదామని వంగితే, వద్దంటూ చెయ్యి అడ్డం పెట్టి తనే ఎత్తుకుంది. నూనె అలమర తాళంచెవి మెడలోంచి తీసి నా చేతిలో పెట్టింది. ఆటో ఎక్కి కూర్చున్నాక పెట్టె తాళం ఒకసారి లాగి చూసింది. మళ్ళీ ఒకసారి లాగి చూసి, పెట్టెని నేను నిలబడి ఉన్న వైపు నుంచి అవతలి వైపుకి జరుపుకుంది.